చిన్నాకు, తెనాలి నుంచి

చిరంజీవి చిన్నాకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. పని ఒత్తిడి అయ్యుంటుందిలే.

మొన్న సూరిబాబు కొట్టుకొచ్చి, విజయవాడ సంగీత్‌లో నీ ఎల్‌ఈడీ తెర పాట మధ్యలో నల్లబడిపోయిందట అన్నాడు. వాడి మాట పక్కన పెట్టు. సంక్రాంతికి నువ్వడిగిన సంగతి రాద్దామని కూర్చున్నాను.

షోల్లో తెర మీద వీడియోలు నడిపించే నీ రెజొల్యూమ్ సాఫ్ట్‌వేర్‌కి తోడుగా ఇంకేది పెట్టుకోవాలన్నావు కదా. బుజ్జితో కూర్చుని రెండు రాత్రులు అవన్నీ చూశాను. దరువుకు తగ్గట్టు అక్కడికక్కడే బొమ్మ పుట్టించాలంటే టచ్‌డిజైనర్ తీసుకో. ఉచితంగా వచ్చేది నేర్చుకోవడానికే. అందులో బొమ్మ 1280 పిక్సెళ్లు దాటదు, డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. లైసెన్సు కొను, తక్కువైతే నేను పంపుతాను. గోడల మీద ప్రొజెక్టర్ బొమ్మ సరిగ్గా కూర్చోబెట్టడానికి మ్యాడ్‌మ్యాపర్ మంచిదే. కానీ రెజొల్యూమ్ రెండు రకాల్లో నీ దగ్గరున్నది ఎరీనా అయితే ఆ పని అందులోనే అవుతుంది, అవెన్యూలో కాదు. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ వీడీఎమ్‌ఎక్స్ మీద ఆశ వదులుకో, అది మ్యాక్‌లోనే నడుస్తుంది.

రెజొల్యూమ్‌నీ టచ్‌డిజైనర్‌నీ, ఒక సాఫ్ట్‌వేర్ బొమ్మను ఇంకోదానికి అందించే స్పౌట్‌తో కలిపితే బొమ్మ గ్రాఫిక్స్ కార్డులోనే చేతులు మారుతుంది, ఆలస్యం తెలియదు. కానీ బరువంతా ఆ ఒక్క కార్డు మీదే. నా దిగులంతా అక్కడే. విజయవాడలో జరిగిందీ అదేనా?

1987లో నాటక పరిషత్తు పోటీలకు, లైట్ల వెలుగు పెంచి తగ్గించే కొత్త డిమ్మర్ పెట్టె అద్దెకు తెచ్చాను. సాయంత్రం ఆరింటికి వచ్చింది, ఒక్కసారి కూడా వేసి చూడలేదు. పాతదీ కొత్తదీ ఒకే లైనుకు తగిలించాను. కాటి సీనులో నటుడు రాగం ఎత్తుకుని పైకి పోతున్నాడు. నీలం లైటు పెంచాను, ఫ్యూజు పోయింది. స్టేజీ అంతా చీకటి. ఆ మహానుభావుడు పద్యం ఆపలేదు, చీకట్లోనే పాడాడు. జనం కిక్కురుమనలేదు. మీ తాతయ్య పక్కన టీ కొట్టులోంచి పెట్రోమాక్స్ తెచ్చి వింగులో నిలబెట్టారు. బస్సులో ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. పొద్దున్నే ఫ్యూజు వైరు చుట్ట చేతిలో పెట్టి కొట్టు తాళం తీయమన్నారు. ఆ చుట్ట ఇంకా సొరుగులోనే ఉంది.

అందుకే చెప్తున్నా. ముందురోజే రెండూ కలిపి మూడు గంటలు ఆపకుండా నడిపించు. వీడియోలన్నీ రెజొల్యూమ్ సొంత ఫార్మాట్ డీఎక్స్‌వీలోకి మార్చుకో. షో రోజున కొత్త వెర్షన్ ఎక్కించకు. రెండో లాప్‌టాప్ దొరికితే టచ్‌డిజైనర్ దాన్లో పెట్టి, నెట్‌వర్క్ మీద వీడియో పంపే ఎన్‌డీఐతో బొమ్మ పంపు. వైరు వాడు, వైఫైని నమ్మకు. పని మీద పడితే అన్నం మర్చిపోతావు, తిని కూర్చో.

తెర ఆగిన మాట నిజమేనా? వాళ్లు డబ్బులు ఆపారా? ఉన్నది ఉన్నట్టు చెప్పు, నేనేమీ అనను.

శుక్రవారం రాత్రి బస్సులో గోంగూర పచ్చడి పంపుతున్నాను. పొద్దున్నే కూకట్‌పల్లిలో దించుతారు, ఆలస్యం చేయకుండా వెళ్లి తెచ్చుకో. డబ్బా మూత కాస్త వదులు, నిలబెట్టే పట్టుకో. అందగానే అమ్మకు ఫోన్ చెయ్యి.

నాన్న