మొక్కల హార్మోన్ బలం మందు కాదు

సంపాదక మహాశయులకు,

మొక్కల హార్మోన్ల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు వాటిని బలం మందులుగానే వర్ణిస్తుంటాయి. ఒకటి పెరుగుదలకు, మరొకటి తెగుళ్లను తట్టుకోవడానికి అని చదివిన పాఠకుడికి ఈ రెండు పనులకూ సంబంధమే లేదనిపిస్తుంది. వాస్తవం అందుకు భిన్నం.

హార్మోన్ మొక్కకు ఆహారం కాదు, కణానికి అందే కబురు. రక్షణ జన్యువులను పనిచేయించే మైక్2 అనే ప్రొటీన్ కణంలో ముందునుంచీ ఉన్నా, జాజ్ అనే ప్రొటీన్లు దానిని అదిమిపట్టి ఉంచుతాయి. పురుగు ఆకును కొరికినప్పుడు పెరిగే జాస్మోనేట్ అనే హార్మోన్ ఈ జాజ్‌లు విచ్ఛిన్నమయ్యేలా చేసి మైక్2కు విడుదల కల్పిస్తుంది. పెరుగుదల విషయంలోనూ ఇదే తీరు. అక్కడ అడ్డుకట్ట డెల్లా ప్రొటీన్లది, దానిని తొలగించేది జిబ్బరెల్లిన్ అనే హార్మోన్.

అసలు విశేషం ఏమిటంటే, జాజ్, డెల్లా ప్రొటీన్లు ఒకదానినొకటి పట్టుకుంటాయి. జిబ్బరెల్లిన్ వల్ల డెల్లాలు తగ్గితే, వాటి పట్టునుంచి బయటపడిన జాజ్‌లు మైక్2ను మరింత గట్టిగా అణచివేస్తాయి. జాస్మోనేట్ వల్ల జాజ్‌లు పోతే, డెల్లాలు పెరుగుదల జన్యువులను నడిపించే ప్రొటీన్లపై పడతాయి. అంటే ఒక తలుపు తెరుచుకోవడంలోనే రెండో తలుపు మూసుకోవడం ఇమిడి ఉంది.

ఈ కబుర్లను శత్రువులు కూడా నేర్చుకున్నాయి. వరి నారును అసహజంగా పొడవుగా సాగదీసే శిలీంధ్రం విడుదల చేసే పదార్థమే అందుకు కారణమని 1926లో జపాన్ శాస్త్రవేత్త ఎయిచి కురోసావా చూపించాడు. జిబ్బరెల్లిన్ మనకు పరిచయమైంది ఆ రోగం ద్వారానే. సూడోమోనాస్ సిరింగే అనే బాక్టీరియా అయితే జాస్మోనేట్‌ను పోలిన కరోనటిన్‌ను తయారుచేసి, బాక్టీరియాను ఎదుర్కోవలసిన, శాలిసిలిక్ ఆమ్లం అనే మరో హార్మోన్ నడిపే రక్షణను అణగదొక్కుతుంది. పురుగు వచ్చిందన్న అబద్ధపు కబురుతో లోపలికి దారి చేసుకోవడమన్నమాట!

రక్షణకు శక్తి ఖర్చయిపోవడం వల్లనే పెరుగుదల ఆగుతుందన్న వివరణ కూడా అసంపూర్ణమే. ప్రయోగాల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఐదు జాజ్ జన్యువులతోపాటు ఫైటోక్రోమ్-బి అనే కాంతి గ్రాహకపు జన్యువును కూడా పనిచేయకుండా చేసినప్పుడు, ఆ మొక్క పురుగులను తట్టుకుంటూనే చక్కగా పెరిగిందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది. శక్తి కొరత ఒక్కటే కారణమైతే అది సాధ్యమయ్యేది కాదు.

కాబట్టి ఇకపై పెరుగుదల హార్మోన్ల గురించి ప్రచురించే వ్యాసాల్లో, అవి ఏ రక్షణను తగ్గించే అవకాశముందో కూడా ఒక వాక్యమైనా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు