మల్లేపల్లి పేరిట మాకు అమ్మిన తప్పు టికెట్ గురించి ఫిర్యాదు

నల్లగొండ,
24 జూన్ 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: జూన్ 16న నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు మీ యాప్ చూపిన తప్పుదారి, దానికి మేము చెల్లించిన 576 రూపాయల వాపసు, యాప్‌లో చేయవలసిన సవరణల గురించి.

ఆర్యా,

నేను నల్లగొండలో ఒక సహకార సంఘం కార్యాలయంలో లెక్కలు రాసే ఉద్యోగిని. బస్సుల వేళలు చూసుకోవడానికీ, అవసరమైనప్పుడు సీట్లు ముందుగా తీసుకోవడానికీ ఏడాదిన్నరగా మీ యాప్‌ను వాడుతున్నాను. ఇప్పటి వరకు చిన్నచిన్న లోపాలు కనబడినా సర్దుకుపోయాను గాని, ఈసారి జరిగినది సర్దుకుపోదగినది కాదు.

జూన్ 16, సోమవారం ఉదయం పదిన్నరకు మా అమ్మాయి సర్టిఫికెట్ల పరిశీలన కోసం మహబూబ్‌నగర్‌లోని ఒక కళాశాలకు చేరవలసి ఉంది. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు రైలులో పోవాలంటే ముందు సికింద్రాబాద్ వైపు పోయి, అక్కడ మళ్లీ బండి మారాలి కాబట్టి మేము బస్సునే నమ్ముకున్నాము. ముందు రోజు రాత్రి మీ యాప్‌లో బయలుదేరే ఊరు, చేరవలసిన ఊరు రెండూ తెలుగులోనే ఎంచుకోగా, తెల్లవారి 5:20కి నల్లగొండలో దేవరకొండ బస్సు ఎక్కి 6:40కి మల్లేపల్లిలో దిగాలని, అదే మల్లేపల్లిలో 7:05కు సూపర్ లగ్జరీ ఎక్కితే 9:45కు మహబూబ్‌నగర్ చేరవచ్చని చూపించింది. మొదటి బస్సుకు ముందస్తు టికెట్ అక్కరలేదని చెప్పి, రెండవ బస్సుకు రెండు సీట్లకు 540 రూపాయలు, సేవా రుసుము కింద మరో 36 రూపాయలు తీసుకున్నారు.

మాకు తెలిసిన మల్లేపల్లి ఒక్కటే. కాగితం మీద దాని పేరు కొండమల్లేపల్లి అయినా జిల్లాలో అందరి నోటా అది మల్లేపల్లే. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి మీదుగా వచ్చే బస్సులలో దేవరకొండకు పోయేవి, నాగార్జునసాగర్‌కు పోయేవి విడిపోయేది అక్కడే. నల్లగొండ నుంచి వచ్చే మేమూ బస్సు మారవలసి వస్తే అక్కడే దిగుతాము. యాప్ చూపిన దారి మా అనుభవానికి సరిపోయింది కాబట్టే మాకు అనుమానం రాలేదు.

ఆ రోజు దాదాపు చెప్పిన వేళకే మల్లేపల్లి చౌరస్తాలో దిగాము. ఏడు దాటినా, ఏడుంబావు దాటినా మేము ఎక్కవలసిన బస్సు జాడ లేదు. దేవరకొండ వైపు పోతున్న ఒక బస్సు కండక్టరుకు ఫోన్‌లోని టికెట్ చూపిస్తే ఆయన ఒక్క క్షణం చదివి, "ఇది కొండమల్లేపల్లి అమ్మా, నీ టికెట్ల ఉన్నది పట్నం మల్లేపల్లి" అన్నాడు. డబ్బులు కట్టిన తరువాత మీరు పంపిన సందేశంలో, ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో ఉన్న చిరునామా అప్పుడు తీసి చూస్తే ఆయన మాట నిజమేనని తేలింది. హైదరాబాద్‌లో నాంపల్లి దగ్గరున్న మల్లేపల్లిలో ఎక్కవలసిన బస్సుకు, నల్లగొండ జిల్లాలోని మల్లేపల్లిలో నిలబడిన మాకు మీరు సీట్లు అమ్మారు.

మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే పద్దెనిమిది నిమిషాలు సంగీతం వినిపించిన తరువాత, బస్సు వెళ్లిపోయింది గనుక రద్దు కుదరదని ఒకరు చెప్పారు. మరునాడు పంపిన మెయిల్‌కు వచ్చిన జవాబు ఇంకా విచిత్రంగా ఉంది. ఎక్కే చోటును సరిచూసుకోవలసిన బాధ్యత ప్రయాణికులదేనట. నేను విడిగా హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్‌కు టికెట్ కొని, ఊరు పొరబడి ఉంటే ఆ మాట ఒప్పుకునేదాన్నే. కాని ఇక్కడ రెండు బస్సులను కలిపి ఒకే ప్రయాణంగా చూపినది మీ యాప్. 6:40కి ఒక మల్లేపల్లిలో దింపి, ఇరవై ఐదు నిమిషాలలో మరో మల్లేపల్లిలో ఎక్కించినదీ మీ యాప్. ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారుల పద్దులను కలిపేసి, తప్పు ఖాతాదారుడిదే అంటే మా కార్యాలయంలో ఎవరూ ఊరుకోరు.

ఆ కండక్టరు చెప్పినట్లే దేవరకొండకు, అక్కడి నుంచి కల్వకుర్తికి, కల్వకుర్తి నుంచి జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్‌కు బస్సులు మారుతూ పోయి 12:20కి చేరుకున్నాము. అక్కడివారు భోజన విరామం తరువాత అనుమతించారు కాబట్టి అమ్మాయి సీటు దక్కింది. ఆ రోజు మేము ఎక్కిన బస్సులన్నీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులే. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పిస్తూ 2023 డిసెంబర్ 9 నుంచి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద ఆధార్ కార్డులు చూపించి ఇద్దరమూ జీరో టికెట్లతోనే ప్రయాణించాము. అంటే ఆ ప్రయాణానికి మా చేతి నుంచి బస్సు కోసం పోయిన డబ్బు, మేము ఎక్కని బస్సుకు మీకు కట్టినది ఒక్కటే. మహిళనని నా వివరాలలో నమోదు చేసుకున్న మీ యాప్, ఉచితంగా పోగల దారి ఉన్నదని ఒక్క ముక్కలోనైనా చెప్పకుండా, ఆ పథకం వర్తించని సూపర్ లగ్జరీ సీట్లనే ఎందుకు ముందుకు తెచ్చిందో కూడా మీరు వివరించవలసి ఉంటుంది.

ఇది మా ఒక్కరికే ఎదురైన పొరపాటు అనుకోవడానికి వీలులేదు. ఈ లేఖ రాసే ముందు మరికొన్ని ఊర్లు వెతికి చూశాను. మా జిల్లాలో చింతపల్లి మండలం ఉంది; ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ ఒక చింతపల్లి ఉంది. యాప్ తెలుగు తెరలో రెండూ ఒకదాని కింద ఒకటి, ఏది ఏదో గుర్తుపట్టే వీలు లేకుండా కనబడుతున్నాయి. ఇక మాల్ అనే ఊరి పేరు కొడితే హైదరాబాద్‌లోని షాపింగ్ మాల్‌లన్నీ వరుస కడుతున్నాయి; ఆ ఊరివారు మీ యాప్‌ను ఎలా వాడుతున్నారో నాకైతే అర్థం కాలేదు.

మా ప్రాంతంలో బస్సు ఎక్కే మనిషి ముందుగా చూసేది బోర్డు మీద ఉన్న ఊరి పేరుతో పాటు దాని కింద రాసిన "వయా". హైదరాబాద్ నుంచి మల్లేపల్లి మీదుగా వచ్చే దేవరకొండ బస్సు, నల్లగొండ నుంచి వచ్చే దేవరకొండ బస్సు ఒక్కటి కావు. చదువు రానివారు కూడా కండక్టరును అడిగి ఈ సంగతి తెలుసుకుని గాని కాలు పైకి పెట్టరు. మీ యాప్‌లో ఆ ఒక్క వివరమే లేదు. కాబట్టి ప్రతి ఊరి పేరు పక్కన మండలం, జిల్లా తెలుగులోనే చూపించాలని, బస్సు ఏయే ఊర్ల మీదుగా పోతుందో, ఏ రకం బస్సో, అందులో మహిళలకు ఉచిత ప్రయాణం ఉన్నదో లేదో డబ్బు కట్టకముందే కనబడేలా చేయాలని, దిగే చోటు, ఎక్కే చోటు ఒకటి కానప్పుడు అటువంటి టికెట్ అమ్మకాన్ని నిలిపివేయాలని కోరుతున్నాను. వీటిలో చివరిది వెంటనే జరగాలి. తక్కినవాటికి కొంత సమయం పడుతుందంటే అర్థం చేసుకోగలను.

ఈ-కామర్స్ సంస్థల కోసం 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్లు మీరు 48 గంటలలో తెలియజేయాలి, నెల రోజులలో పరిష్కరించాలి. మేము కట్టిన 576 రూపాయలు సేవా రుసుముతో సహా ఆ గడువులోగా నా ఖాతాకు జమ చేయండి. అలా జరగకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆపైన నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఐదు లక్షల రూపాయల లోపు ఫిర్యాదుకు అక్కడ రుసుము కూడా లేదు. మీతో తగవు పెంచుకోవాలన్న కోరిక నాకు లేదు గాని, ఎక్కే చోటు చూసుకోవలసింది ప్రయాణికులేనన్న జవాబే మళ్లీ వస్తే మాత్రం ఆగను.

ముందు రోజు రాత్రి యాప్ చూపిన ప్రయాణ వివరాల తెర చిత్రాలు, టికెట్, చెల్లింపు రసీదు, మీ సంస్థ నుంచి వచ్చిన జవాబు, ఆ రోజు మేము ప్రయాణించిన బస్సుల జీరో టికెట్ల ఫొటోలు ఈ లేఖకు జతపరుస్తున్నాను.

ఇట్లు,
మీ యాప్ వినియోగదారురాలు,
నల్లగొండ.