కౌన్సెలర్ బ్యాడ్జీ లేకుండానే సాయపడిన మీ అందరికీ కృతజ్ఞతలు

సహాయక శిబిరాల్లో మానసిక, సామాజిక సహాయ పనిని సమన్వయం చేస్తున్న మా బృందం తరఫున ఈ పోస్టు. ఇలాంటి కృతజ్ఞతల్లో సైకియాట్రిస్టులూ కౌన్సెలర్లూ ముందు వరసలో ఉండటం ఆనవాయితీ. వాళ్లకి చెప్పాల్సింది ఉంది, చెబుతాం. అంతకన్నా ముందు నీళ్ల క్యూ నడిపినవాళ్లకి, మరుగుదొడ్ల తలుపులకి గడియలు బిగించినవాళ్లకి, మైకులో సమాచారం చదివినవాళ్లకి చెప్పాలి. ఇదేదో మర్యాద కోసం అంటున్నది కాదు. ఈ పనిలో ఎక్కువ భాగం మీ చేతుల మీదుగానే జరిగింది.

ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి కూర్చునే ఐఏఎస్‌సీ అనే కమిటీ 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ సహాయాన్ని నాలుగు అంతస్తులుగా చూపిస్తాయి. అడుగున భద్రత, తిండి, నీళ్లు, గూడు, వైద్యం, అవీ మనిషి పరువు పోకుండా అందడం. దానిపైన కుటుంబం, ఇరుగుపొరుగు, బడి, ప్రార్థన. మూడో అంతస్తులో శిక్షణ తీసుకున్న నర్సులు, కార్యకర్తలు చేసే పని. కొసన నిపుణుల వైద్యం. పైకి వెళ్లేకొద్దీ అవసరమయ్యేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం యుద్ధాలు చూసిన జనంలో దాదాపు 22 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది, అందులోనూ చాలావరకు తేలికపాటివే. మిగతావాళ్లకి దుఃఖం ఉంది, భయం ఉంది, నిద్ర లేదు. అది జబ్బు కాదు. కాళ్ల కింద నేల కాస్త నిలబడితే చాలామంది వాళ్లంతట వాళ్లే కుదుటపడతారు.

అందుకే మా మొదటి దండం ఎలక్ట్రీషియన్లకీ వడ్రంగులకీ. ఆడవాళ్ల మరుగుదొడ్డికి లోపలి గడియ లేకపోయినా, అక్కడికి వెళ్లే దారిలో దీపం లేకపోయినా, చీకటి పడ్డాక ఎవరూ అటు వెళ్లరు. మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. రాత్రంతా మెలకువే. నాలుగు రోజులకి గుండె దడ, తలనొప్పి, నిద్ర పట్టడం లేదంటూ క్లినిక్కి వస్తారు. తీరిక లేని డాక్టరు నిద్రమాత్ర రాసిస్తారు. మాత్ర వేసుకున్న మనిషి బోల్టు లేని తలుపు వెనకాల ఇంకా మత్తుగా, ఇంకా నిస్సహాయంగా పడుకుంటుంది. రూపాయల్లో చూస్తే గడియ చిన్న వస్తువు. మా ఫైళ్లలో దానికి ఒక గడి కూడా ఉండదు.

మైకు దగ్గర కూర్చున్నవాళ్లు ఒక పద్ధతి పట్టుకుని వదల్లేదు: ఇప్పటికి తెలిసింది ఏమిటి, తెలియనిది ఏమిటి, మళ్లీ ఎప్పుడు చెబుతాం. రోజూ అదే వేళకి, కొత్త కబురు లేకపోయినా. ‘ఇవాళ కొత్తది ఏమీ లేదు, సాయంత్రం ఆరింటికి మళ్లీ చెబుతాం’ అన్న మాట వినడానికి వట్టిదిలా ఉంటుంది కానీ పుకార్లకి చోటు లేకుండా చేసేది అదే. ‘రేపు తప్పకుండా’ అని మాటిచ్చి ఆ రేపు జరగకపోతే, తర్వాత చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

తప్పిపోయినవాళ్ల బోర్డు చూసుకున్నవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఒంటరిగా దొరికిన పిల్లల ఫొటోలు, ఊరి పేర్లు, వాళ్లు ఉంటున్న గుడారం నంబరు బోర్డు మీద పెట్టలేదు. ఆ వివరాలు పిల్లల రక్షణ బృందం దగ్గర మాత్రమే ఉండాలి. బోర్డు మీద అన్నీ రాసేస్తే, నేను మేనమామనని వచ్చిన ఎవరైనా వాటినే అప్పజెప్పి పిల్లని తీసుకుపోగలరు. వివరాలు వచ్చినవాళ్లు చెప్పాలి, మనం సరిచూడాలి, పిల్ల ఏమంటోందో కూడా వినాలి.

మృతదేహాల దగ్గర పనిచేసినవాళ్ల గురించి ఎవరూ పోస్టులు పెట్టరు. కలరా, ఎబోలా లాంటి అంటువ్యాధితో పోయినవాళ్లకి ప్రత్యేక జాగ్రత్తలు తప్పనిసరి. కానీ విపత్తులో దెబ్బలు తగిలి పోయినవాళ్ల శవాల వల్ల మహమ్మారి రాదు. ఆ భయంతో పేరు కూడా తేలకుండా సామూహికంగా పాతిపెట్టేస్తే బతికున్నవాళ్లకి ఏళ్ల తరబడి తెగని బాధ మిగులుతుంది. మీరు ఒక్కో దేహానికి విడి నంబరు కట్టారు, ఫొటో తీశారు, ఒంటిమీది వస్తువుల్ని అదే నంబరుతో భద్రపరిచారు, ఎక్కడ ఉంచిందీ పటం గీశారు. చూస్తామన్న బంధువుల్ని ఆపలేదు, చూడలేమన్నవాళ్లని బలవంతపెట్టలేదు. దీనికన్నా గొప్ప కౌన్సెలింగ్ మాకైతే తెలియదు.

తొలి మానసిక సాయం చేసిన వాలంటీర్లకి: ‘చూడు, విను, కలుపు’ అన్న మూడు మాటలు ప్రపంచ ఆరోగ్య సంస్థ, వార్ ట్రామా ఫౌండేషన్, వరల్డ్ విజన్ కలిసి 2011లో తెచ్చిన గైడులోవి. మూడింటిలో కష్టమైనది వినడమని అందరూ అనుకుంటారు. మా లెక్కలో మనిషిని కావలసిన సేవతో కలపడమే కష్టం, ఎందుకంటే సేవలు రోజూ మారుతుంటాయి, నిన్నటి ఫోన్ నంబరు ఇవాళ పనిచేయదు. ఆ జాబితాని రోజూ ఉదయం సరిచేసి అందరికీ పంచినవాళ్లు లేకపోతే మిగతా రెండూ ఉత్త ఓదార్పుగా మిగిలిపోయేవి.

ఇంకొకటి. ‘ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి’ అని మీరు ఎవర్నీ తవ్వలేదు. జనాన్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఘోరాన్ని ఒక్క విడతలో కక్కించే డీబ్రీఫింగ్ పద్ధతి పనిచేయదని, కొందరికి చెరుపు కూడా చేయొచ్చని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. అయినా ప్రతి విపత్తులో ఎవరో ఒకరు బ్యానరు పట్టుకుని దానికోసమే దిగుతారు. పిల్లల చేత ఆ దృశ్యాల బొమ్మలు గీయించి, ప్రశ్నపత్రాలు నింపించుకుని, మర్నాడు వెళ్లిపోతారు. అలాంటివాళ్లని గుమ్మంలోనే ఆపి, ‘పిల్లలు కలతపడితే తర్వాత చూసేది ఎవరు?’ అని అడిగిన టీచర్లకి ప్రత్యేక నమస్కారం. ‘ప్రాణాలు దక్కాయి, సంతోషించండి’, ‘మీ బాధ నాకు తెలుసు’, ‘ఏడవకండి’ లాంటి మాటలు మీ నోట రాలేదు. నీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నారు. వణుకుతున్న మనిషిని పాదాలు నేలకి ఆనించి మెల్లగా ఊపిరి వదలమన్నారు. పది నిమిషాల్లో వస్తానని చెప్పి పది నిమిషాల్లోనే వచ్చారు.

ఇక ఫార్మసిస్టులు, నర్సులు. రిజిస్ట్రేషన్ ఫారంలో మీరు పట్టుబట్టి పెట్టించిన ఒక్క ప్రశ్న గురించి వివరంగా చెప్పాలి: ‘ఇంటిదగ్గర రోజూ వేసుకునే మందు ఏదైనా ఆగిపోయిందా?’ విపత్తు మొదటి వారంలో అందరూ షాక్ గురించి మాట్లాడతారు. ఆ వారంలోనే ప్రాణం మీదికి వచ్చేది అంతకుముందే మూర్ఛ గానీ, స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి తీవ్రమైన మానసిక జబ్బు గానీ ఉన్నవాళ్లకి. మూర్ఛ మందు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ వెంటవెంటనే రావచ్చు. మాత్రల పేరు గుర్తులేనివాళ్లు జేబులో మిగిలిన అట్ట ముక్క తీసి చూపిస్తే, దాని మీద అక్షరాల్ని బట్టి మందు పోల్చింది మీరే. ఆ మందు పేరు రాసిన చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడలో వేసింది మీరే. ఫిట్స్ వస్తే నోట్లో చెంచా కుక్కకూడదని, పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడాలని, అయిదు నిమిషాలు దాటితే అత్యవసరమని పక్క గుడారాలవాళ్లకి నేర్పిందీ మీరే.

10,000 మందికి సుమారు 3 నెలలకి సరిపడేలా కూర్చే అంతర్జాతీయ అత్యవసర ఆరోగ్య కిట్‌లో హాలోపెరిడాల్ (స్కిజోఫ్రెనియా లాంటి జబ్బులకి), అమిట్రిప్టిలిన్ (డిప్రెషన్‌కి), డయాజెపామ్ లాంటి మందులు ఉంటాయి. పెట్టె వచ్చినంత మాత్రాన సరిపోదు, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. డయాజెపామ్ అందులో ఉన్నది ఆగని ఫిట్స్ లాంటి అవసరాలకి. నష్టం జరిగిన తొలి నెలలో దుఃఖానికీ నిద్రలేమికీ ఆ జాతి మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కొన్ని వారాల్లోనే అలవాటు పడి, శిబిరం ఎత్తేశాక దొరక్క అల్లాడేవాళ్లు తయారవుతారు. అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చేస్తే క్యూ త్వరగా తగ్గేది. మీరు తిట్లు తిన్నారు గానీ ఇవ్వలేదు.

మద్యం సంగతి కూడా మీ కంటపడింది. రోజూ బాగా తాగే మనిషికి ఒక్కసారిగా చుక్క దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లో వణుకు, చెమటలు, ఫిట్స్, ఆ తర్వాత లేనివి కనబడటం, మతి చెదరడం మొదలవుతాయి. చూసినవాళ్లు షాక్ తిన్నాడు పాపం అంటారు. చికిత్స లేకపోతే అది ప్రాణాలు తీస్తుంది. థయమిన్ (విటమిన్ బి1), డయాజెపామ్, పర్యవేక్షణ కావాలి, మంచి మాటలు సరిపోవు.

దుబాసీలకి ఎంత చెప్పినా తక్కువే. ‘ఆమెకి భయంగా ఉందట’ అని సారాంశం చెప్పకుండా ‘నాకు భయంగా ఉంది’ అని ఉన్నదున్నట్టు పలికారు. పిల్లల చేత తల్లుల మాటలు చెప్పించే పనికి మమ్మల్ని దిగనివ్వలేదు. దుబాసీలు చాలాసార్లు అదే ఊరివాళ్లు, అదే నష్టం వాళ్లదీను. మధ్యలో విరామం, పని అయ్యాక పర్యవేక్షకుడితో కాసేపు మాట వాళ్ల హక్కు. షెడ్యూలు బిగిస్తున్నప్పుడు ముందు కోతపడేది అదే, ఇకముందైనా పడకూడదు.

నిపుణులు కానివాళ్లు కూడా శిక్షణ తీసుకుని చేయగలిగేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన మాటల సాయం ప్రాబ్లెమ్ మేనేజ్‌మెంట్ ప్లస్. దాన్ని నడిపిన కార్యకర్తలకి, అంతకుమించి వాళ్ల పర్యవేక్షకులకి వందనాలు. వారానికోసారి చొప్పున 5 విడతలు, ఒక్కోటి 90 నిమిషాలు. సరుకుల పంపిణీ రోజున పెడితే ఎవరూ రారు. మూడో విడతకి రానివాళ్లని బద్ధకస్తులనకుండా ఎందుకు రాలేదో వెళ్లి అడగాలి. ప్రాణం తీసుకునే ఆలోచన, పథకం ఉన్న మనిషికి ఈ విడతలు సరిపోవు. ఒంటరిగా వదలకుండా అదే రోజు పై వైద్యానికి చేర్చాలి. వారం వారం పర్యవేక్షణ లేకుండా శిక్షణ మాత్రమే ఇచ్చి వదిలేస్తే, నెల తిరిగేసరికి ఎవరికి తోచింది వాళ్లు చేస్తుంటారు.

సైకియాట్రిస్టులూ సైకాలజిస్టులూ, మీ వంతు వచ్చింది. మానసిక రోగుల విభాగమని బోర్డు పెట్టి విడి గుడారం అడక్కుండా, మామూలు క్లినిక్‌లోనే కుర్చీ వేసుకున్నారు. ఆ గుడారం వైపు నడిస్తే ఊరంతా చూస్తుందని మీకు తెలుసు. విపత్తుల్లో మానసిక జబ్బుల్ని మామూలు క్లినిక్‌లోనే చూడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కలిసి 2015లో ఇచ్చిన ఎంహెచ్‌గ్యాప్ మానవతా గైడు పట్టుకుని, రోగిని చూస్తూనే నర్సులకి నేర్పారు. మీరు వెళ్లాక కూడా హాలోపెరిడాల్ మోతాదు చూసుకునేవాళ్లు, మెడ బిగుసుకుపోతే అది మందు ప్రభావమని గుర్తుపట్టేవాళ్లు అక్కడ మిగిలారు.

శిబిరం వదిలి వెళ్తున్నవాళ్లకి ఒక్క విన్నపం. రిఫరల్ చీటీల (మనిషిని వేరే సేవకి పంపుతూ రాసినవి) రెండో ప్రతులు మీ సంచుల్లో ఉంటే తాళం ఉన్న అలమర బాధ్యురాలి చేతికిచ్చి సంతకం తీసుకోండి, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టకండి. మీ దగ్గరికి వస్తున్న మనిషిని చీటీతో పంపేయకుండా, తర్వాత చూసేవాళ్ల దగ్గరికి మీరే వెంటబెట్టుకెళ్లి పరిచయం చేయండి. రోజూ మందు వేసుకునేవాళ్ల జాబితా, ఎవరి మాత్రలు ఏ తేదీకి అయిపోతాయో రాసినది, కొత్త క్లినిక్కి వాళ్లకన్నా ముందే చేరాలి.