పిల్లల విషయంలో ఒక మాట

కాలనీ తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఆరు నెలలు వాడి చొక్కా జేబులో కంటి చుక్కల మందు సీసా ఉండేది. ఫోను చూసి కళ్లు మండుతున్నాయంటే నమ్మాం. గంజాయి వల్ల ఎర్రబడిన కళ్లు మాకు కనబడకూడదని వేసుకునేవాడట! అంతకన్నా ముందే పరీక్షల భయం, నిద్రలేని రాత్రులు మొదలయ్యాయి. డాక్టరు మత్తుకూ దిగులుకూ కలిపి వైద్యం చేశాకే వాడు నోరు విప్పాడు. దిగులును వదిలేసి మత్తు ఒక్కటే మాన్పిస్తే పిల్లలు మళ్లీ అటే వెళ్లే ప్రమాదం ఉంది.

దయచేసి కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు మాన్పించే సహాయానికి 14446 ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

పోలీసు కేసు అవుతుందని చాలామంది దాస్తారు. వాడకం వరకే పరిమితమై, తానుగా చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరుడికి మత్తుమందుల నేరాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది.

ఆసుపత్రికి ఎవరికైనా తోడు కావాలంటే నాకు విడిగా రాయండి. పేరు బయటికి రానివ్వను.