మన దీవికి నీళ్ళు ఏటి మీదుగా వస్తాయి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం ఎనిమిదో తరగతి పిల్లల్ని పి.గన్నవరం పాత అక్విడక్టు, అంటే ఏటి మీదుగా కాలువని దాటించే వంతెన, దగ్గరికి తీసుకెళ్ళాం. ముందురోజు చెప్పగానే సగం మంది "రోజూ చూసేదే కదండీ" అన్నారు. నిజమే, అమలాపురం వెళ్ళాలన్నా రావులపాలెం వెళ్ళాలన్నా మనం అటే వెళ్తాం, కానీ బస్సులోంచి చూస్తే అదొక వంతెన, అంతే. కిందికి దిగి ఇసకలో నిలబడి తలెత్తి చూశాక ఒక్కళ్ళూ ఆ మాట అనలేదు.

దాని ఖానాలు, అంటే స్తంభాల మధ్య కమానులు, లెక్కపెట్టమంటే ఒక బృందానికి 47 వచ్చాయి, ఇంకొకళ్ళకి 51. మళ్ళీ మొదటినుంచి వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెడితే 49 తేలాయి, అదే సరైన లెక్క. ఒక్కొక్క ఖానా వెడల్పు 40 అడుగులు. సోమవారం బడికి రాగానే గ్రౌండులో టేపు పెట్టి 40 అడుగులు ముగ్గుతో గీశాం. అలాంటివి 49 పక్కపక్కన పెడితే 1960 అడుగులని పిల్లలే గుణించారు, ఇంతలో వెనక బెంచీ పిల్ల లేచి "మధ్యలో స్తంభాల మందం కలపలేదు కదండీ" అంది. నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంది.

అసలు దాన్ని ఎందుకు కట్టారో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మన రాజోలు దీవికి ఒకపక్క వశిష్ఠ, ఒకపక్క వైనతేయ అనే గోదావరి పాయలు, కింద సముద్రం. చుట్టూ నీళ్ళే, కానీ వేసవిలో సముద్రపు పోటు ఏటిలోకి ఎక్కితే ఆ నీళ్ళు ఉప్పన. పైన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు తవ్వుకుంటూ వచ్చిన కాటన్ దొర మనుషులకి గన్నవరం దగ్గర వైనతేయ అడ్డొచ్చింది. కాలువని ఏటిలో కలిపేస్తే ఆ నీరు సముద్రం పాలే, అందుకని ఏటి మీద తొట్టిలా కట్టి కాలువని పైనుంచి దాటించారు. కింద ఏరు దాని దారిన అది, పైన కాలువ దాని దారిన అది. హేగ్ అనే కుర్ర ఇంజనీరు ఆ పని చేయించాడు, 1852లో, సిమెంటు వాడకుండా, సున్నంతో. మోటార్లు లేవు, పంపులు లేవు, వాటం, అంటే నీరు పల్లానికి పారే వాలు, ఒక్కటే ఆధారం. ఆ వాటం కాస్త తప్పినా మన పొలాల బోదెల్లోకి నీళ్ళు వచ్చేవి కావు. దొరల పేర్లు మనకి తెలుసు, సున్నం మోసిన కూలీల పేర్లు తెలియవు, ఆ మాట కూడా పిల్లలకి చెప్పాను.

నీళ్ళు ఇప్పుడు పక్కనే కట్టిన కొత్త అక్విడక్టు మీదుగా వస్తున్నాయి. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఉన్న లంకల గన్నవరం ఆ దగ్గర్లోనే. వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన తల్లి, మన బడిలో మధ్యాహ్న భోజనం కూడా ఆవిడ పేరు మీదే. పిల్లలు ఈ రెండు పేర్లూ ఒకరివే అని అక్కడ నిలబడ్డాకే గుర్తుపట్టారు.

ఇక ఒక బాధాకరమైన విషయం. తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టు వెంట ఒక అర కిలోమీటరు నడిపించాను. గుర్రపు డెక్క, అందులో ఇరుక్కున్న ప్లాస్టిక్ కవర్లు, కోళ్ళ వ్యర్థాలు కట్టిన సంచులు, పెళ్ళి భోజనాల ప్లేట్లు. ఆ నీళ్ళే మన మంచినీళ్ళ చెరువు నింపుతాయి. ఎవరు వేశారని నేను అడగను, అందరం వేశాం. ఇవాళ్టినుంచి మన బడి పిల్లల ఇళ్ళలోంచి ఒక్క కవరు కూడా కాలువలో పడకూడదని చేతులు జోడించి అడుగుతున్నాను. పిల్లలు మిమ్మల్ని ఆపితే కోప్పడకండి, వాళ్ళకి ఆ మాట చెప్పింది నేనే.

కాలువ నిండుగా ఉన్నన్నాళ్ళూ పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లల్ని ఈతకి పంపకండి. లాకుల దగ్గర అసలే వద్దు. పైకి నిదానంగా కనిపించినా అక్కడ నీళ్ళు లోపలికి లాగేస్తాయి.

ఇంకొక్క పని. మీ ఇళ్ళలో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఉంటే ఈ కాలువలో పడవలు తిరిగిన రోజుల గురించి పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పమనండి. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు ఏ రేవులో ఎక్కించేవాళ్ళు, గట్టు మీద తాడు పట్టుకుని పడవ ఎలా లాగేవాళ్ళు, వరదొచ్చినప్పుడు ఎక్కడ తలదాచుకున్నారు, ఏది గుర్తుంటే అది. పిల్లలు ఒక పేజీ రాసుకొస్తే చాలు, తప్పులున్నా ఫర్వాలేదు. వచ్చే సోమవారంలోగా క్లాసు టీచరుకి ఇవ్వాలి. రాయడం కష్టమైతే పెద్దవాళ్ళే బడికి రావచ్చు, శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చింతచెట్టు కింద కుర్చీలు వేయిస్తాను.

మీ ప్రధానోపాధ్యాయుడు