వెయ్యి కిలోమీటర్లు తప్పిపోలేదు, మా సందు దగ్గర తప్పిపోయాం

సంపాదకులకు నమస్కారం.

నాకు 63 ఏళ్లు. పుట్టి పెరిగింది రాజమండ్రిలోనే, లక్ష్మీవారపుపేటలో. 1986లో పెళ్లయి జబల్‌పూర్ వెళ్లాను. మా ఆయన అక్కడ మిలిటరీ లారీలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆయన రిటైరయ్యాక పిల్లల చదువులనీ ఉద్యోగాలనీ కొన్నేళ్లు అక్కడే ఉండిపోయాం. మొన్న కార్తీకంలో ఇల్లు ఖాళీ చేసి సొంత ఊరికి వచ్చేశాం. సామాను లారీలో, అత్తయ్యగారు మా అబ్బాయితో రైల్లో, మేమిద్దరం మా పాత మారుతి కార్లో బయల్దేరాం. ఈ వయసులో అంత దూరం కారేమిటని పిల్లలు కోప్పడ్డారు. కానీ ముప్పై ఎనిమిదేళ్లు రైలు కిటికీలోంచి చూసిన దూరాన్ని ఒక్కసారైనా నేల మీద చూసుకుంటూ రావాలని నా కోరిక.

దారంతా ఆయన బండి నడిపారు, నేను కిలోమీటరు రాళ్లు చదివాను. జబల్‌పూర్ నుంచి మండ్లా, అక్కణ్నుంచి చిల్పీ ఘాట్ దిగి కవర్ధా, రాయ్‌పూర్, ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, కొండగావ్, జగదల్‌పూర్, సుక్మా, కోంటా. చింతూరు దాకా ఒకటే రోడ్డు, 30వ నంబరు జాతీయ రహదారి. పసుపు తల రాయి మీద ఆ 30 అంకె కనిపిస్తే చాలు, దారి తప్పలేదని ధైర్యం. అడవి మధ్యలో మనిషి కనిపించని చోట కూడా వచ్చే ఊరి పేరు, దూరం రాసి ఉన్నాయి. ఫోన్‌కి సిగ్నల్ లేక గంటలకొద్దీ మ్యాప్ పనిచేయలేదు. అయినా ఎక్కడా టెన్షన్ పడలేదు. ఊళ్ల పేర్లు చదువుకుంటూ వచ్చేశాం.

జగదల్‌పూర్‌లో ఇంద్రావతి వంతెన దాటుతుంటే ఈ నీళ్లూ మన గోదాట్లోకే వెళ్తాయని మా ఆయన అన్నారు. కోంటా దగ్గర శబరి కనిపించింది. అదీ గోదాట్లో కలిసేదే. కోంటా దాటాక రోడ్డు పక్కన మొదటిసారి తెలుగు అక్షరాలు కనబడ్డాయి. ఏదో సిమెంటు కంపెనీ గోడ ప్రకటన. ఆయన చేత కారు ఆపించి దాన్ని రెండుసార్లు చదివాను. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కొద్దని చెబితే ఆ రాత్రి చింతూరులో ఉండిపోయాం. నేను ఊరు విడిచిన రోజుల్లో చింతూరు ఖమ్మం జిల్లాలో ఉండేది. తెల్లారి మారేడుమిల్లి ఘాట్ దిగి, రంపచోడవరం, గోకవరం, కోరుకొండ మీదుగా మధ్యాహ్నానికి రాజమండ్రి చేరాం. నాలుగు రోజులు, దాదాపు వెయ్యి కిలోమీటర్లు.

మా పుట్టింటి పక్క సందులో ఒక చిన్న ఇల్లు అద్దెకు మాట్లాడి ఉంచాడు మా తమ్ముడు. గోకవరం బస్టాండు దాటాక నేనే దారి చెబుతానన్నాను, నా ఊరు కదా. అరగంట తిరిగాం. ప్రతి మలుపూ కొత్తగా ఉంది. పెంకుటిళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు, వాటి పేర్లు ఇంగ్లిషులో. చివరికి ఒక ఆటో అబ్బాయిని పిలిచి "బాబూ, వేపచెట్టు సందు ఎటు?" అని అడిగాను. పాపం, కారు మీద మధ్యప్రదేశ్ నంబరు, ఎంపీ 20, చూసి మాకు తెలుగు రాదనుకుని హిందీలో మొదలుపెట్టాడు. నేను తెలుగులోనే మళ్లీ అడిగితే, "ఆయ్, ఆ పేరు ఎప్పుడూ వినలేదండి, దగ్గరలో ఏ అపార్ట్‌మెంట్ ఉందో చెప్పండి" అన్నాడు. ఆ సందు మొదట్లో నిలబడే అడిగాను ఆ మాట. చెట్టు లేదు. చెట్టు పోయిందని నాకెవరూ చెప్పలేదు, అది లేకపోతే సందు గుర్తుపట్టలేనని నాకూ తెలియదు.

ఊరు మారిందని రాయడం లేదు. మారకపోతే ఊరెలా అవుతుంది? నేను రాస్తున్నది పేర్ల గురించి.

వచ్చిన మూడో వారంలో ఒక రాత్రి రెండింటికి అత్తయ్యగారికి ఊపిరి ఆడలేదు. ఆవిడకు 85 ఏళ్లు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. పేట పేరు చెప్పాం, సందు పేరు చెప్పాం. "ల్యాండ్‌మార్క్ చెప్పండి" అన్నారు. మేం వచ్చి ఇరవై రోజులే, ఏ షాపు పేరు చెప్పాలి? లొకేషన్ పంపమన్నారు, మా ఆయన వణికే చేతులతో పంపారు. అది మా వెనక వీధి చూపించింది. మధ్యలో ఎత్తయిన గోడ. బండి శబ్దం మాకు వినిపిస్తోంది, వాళ్లకు మేం కనిపించడం లేదు. నేను తడబడుతున్న కాళ్లతో మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తి, సెల్‌ఫోన్ లైటు ఊపుతూ నిలబడ్డాను. ఇరవై నిమిషాలకు పైగా పోయింది. ఆవిడ బతికారు, ఇప్పుడు బాగున్నారు. ఆ డ్రైవర్ తప్పేమీ లేదు, చాలా మంచి అబ్బాయి, ఆవిణ్ని చేతుల మీద ఎత్తుకుని బండి ఎక్కించాడు. కానీ ఆ సందు మొదట్లో రెండడుగుల బోర్డు ఉంటే ఆ ఇరవై నిమిషాలు పోయేవి కావు. ఆ రాత్రి తర్వాత ఈ విషయం నన్ను వదలడం లేదు.

సొంత ఊరికి తిరిగొచ్చి కాపురం పెట్టడమంటే ఎన్ని కాగితాలో! గ్యాస్ కనెక్షన్ మార్పు, బ్యాంకు, ఓటు కోసం ఫారం 8, కారుకి అక్కడి రవాణా ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి ఇక్కడ మళ్లీ పన్ను కట్టి రిజిస్ట్రేషన్. ఇవన్నీ ఓపికతో అయిపోతాయి. ఆధార్‌లో చిరునామా మార్పుకి వెళ్లినప్పుడు మాత్రం నా మనసు కలుక్కుమంది. వీధి అనే గడిలో సందు పేరు రాశాను. కౌంటర్లో అమ్మాయి దాన్ని కొట్టేసి, ల్యాండ్‌మార్క్ గడిలో ఒక సెల్‌ఫోన్ షాపు పేరు ఎక్కించింది. "అలా రాస్తేనే కొరియర్ వస్తదండి" అంది. అలా నా ఆధార్ కార్డులో మా సందు పేరు లేదు, రెండేళ్ల కిందట తెరిచిన షాపు పేరుంది. రేపు ఆ షాపు మూసేస్తే?

మన ఊళ్లో పేర్లు ఎంత అందమైనవో బయట ఉండి వచ్చినందుకేమో నాకు ఇప్పుడు ఎక్కువగా తెలుస్తోంది. లక్ష్మీవారపుపేట, మంగళవారపుపేట. ఏడు వారాల్లో రెండింటికి మా ఊళ్లో పేటలున్నాయి. హైదరాబాద్‌లో పుట్టిన నా మనవరాలికి లక్ష్మీవారమంటే గురువారమని తెలియదు. ఈ పేట పేరు చెప్పే నేర్పాను. తాడితోటలో తాటిచెట్లు లేవు, బట్టల దుకాణాలున్నాయి, అయినా పేరు నిలిచింది. కోట కనిపించదు, కోటగుమ్మం ఉంది. నల్లమందు సందు పేరు వెనక కథ పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, ఆ కథలన్నీ ఆ రెండు మాటల్లోనే బతుకుతున్నాయి. నాళం భీమరాజు వీధి, ఇన్నీస్‌పేట, ఆర్యాపురం, దానవాయిపేట, కంబాలచెరువు, జాంపేట. ఈ పెద్ద పేర్లకు ఇబ్బంది లేదు, ఆటోవాళ్ల నోట్లో ఉన్నాయి. పోతున్నవి వాటి లోపలి చిన్న సందులు. వేపచెట్టు సందు, గానుగ సందు, పాల సందు అని జనం పెట్టుకున్నవి. ఏ కాగితంలోనూ లేవు కాబట్టి, అక్కడున్న ముసలివాళ్లతోనే పోతాయి.

కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబర్ 11న తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. ఆయన ఇల్లు మ్యూజియంగా నిలబెట్టుకున్నాం, సంతోషం. 2015లో ఊరి పేరునే రాజమహేంద్రవరంగా మార్చుకున్నాం, రాజరాజ నరేంద్రుడి కాలం నాటి పేరు తిరిగొచ్చిందని జబల్‌పూర్‌లో మేం స్వీట్లు పంచుకున్నాం. దాదాపు వెయ్యేళ్ల కిందటి పేరు వెనక్కి తెచ్చుకోగలిగిన ఊరు, నలభై ఏళ్ల కిందటి సందు పేరు నిలబెట్టుకోలేదా?

అందుకే నగరపాలక సంస్థ వారిని అడుగుతున్నాను. ప్రతి వీధి, ప్రతి సందు మొదట్లో, చివర్లో తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు రాసిన బోర్డు పెట్టండి. రాత్రి బండి లైటు పడితే మెరిసే రంగుతో రాయించండి, రహదారి బోర్డుల్లా. ఆఫీసు రికార్డులో ఒక పేరు, జనం నోట్లో ఇంకో పేరు ఉంటే రెండూ రాయండి. ఆ సందులో ఇంటి నంబర్ల వరస ఎక్కణ్నుంచి ఎక్కడికో కూడా కింద రాస్తే పోస్టుమన్‌కీ అంబులెన్స్‌కీ మేలు. కొన్ని వీధుల్లో బోర్డులున్నాయి, చూశాను. వాటి మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు అంటించి ఉన్నాయి. మా పేటలో ఒక బోర్డు మీది పోస్టర్లను నేనూ మా ఆయనా నీళ్లు కొట్టి ఒలిచేశాం. లోపల పేరు చక్కగా ఉంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రోడ్లు వేస్తారు, ఘాట్లు బాగుచేస్తారు. కోటిలింగాల రేవు ఎటు, పుష్కర ఘాట్ ఎటు అని లక్షల మంది అడుగుతారు. అప్పటికి పెద్ద రోడ్లకు బోర్డులు పెడతారని నమ్మకం ఉంది. ఆ పనిలోనే సందులకూ పెట్టండి. యాత్రికులు పన్నెండు రోజుల్లో వెళ్లిపోతారు, మేం ఇక్కడే ఉంటాం.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. జిల్లా పేజీలో ఒక మూల చిన్న పెట్టె కట్టి, రోజుకో సందు పేరు వేయండి. ఆ పేరెందుకొచ్చిందో పాఠకులనే రాయమనండి. ఊరు విడిచి మళ్లీ వచ్చినవాళ్లు, ఇంకా రావాలనుకుంటున్నవాళ్లు ఎంతమందో ఉన్నారు. వాళ్లు తప్పకుండా రాస్తారు. కొవ్వూరు వాళ్లనూ పిలవండి, 2022లో జిల్లాలు మారాక వాళ్లూ తూర్పు గోదావరి వాళ్లే కదా.

నా వంతు నేను మొదలుపెట్టాను. మా పక్కింట్లో ఒక పిన్నిగారున్నారు, 81 ఏళ్లు. నన్ను చూసి "నువ్వు మాస్టారి రెండో అమ్మాయివి కదూ" అని ఒక్కమాటలో గుర్తుపట్టింది ఆవిడే. నేను ఈ ఊరికి వచ్చేశానని నాకు నమ్మకం కలిగింది ఆ సాయంత్రమే. ఇప్పుడు రోజూ నాలుగింటికి టీ తాగాక ఆవిడ చెబుతుంటే నేను నోటుబుక్కులో రాస్తున్నాను. లక్ష్మీవారపుపేట చుట్టుపక్కలవి ఇప్పటికి 43 పేర్లయ్యాయి. వాటిలో తొమ్మిది నేనూ మరిచిపోయినవే. మంగళవారపుపేటవి ఆవిడకు తెలియవట, అక్కడి పెద్దవాళ్లెవరైనా ఉంటే నేనే వెళ్లి రాసుకుంటాను. బోర్డులు రాయించే అధికారులు ఎప్పుడడిగినా ఆ పుస్తకం తెచ్చి ఇస్తాను.

ఇట్లు
ఒక పాఠకురాలు
వేపచెట్టు సందు, లక్ష్మీవారపుపేట,
రాజమహేంద్రవరం