ప్రేమకథలో ప్రోనోట్ల సంగతి

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ సాహిత్యం పేజీలో ఫ్లాబేర్ నవల 'మదామ్ బొవారీ' మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫ్రాన్సులో ఒక చిన్న ఊరి డాక్టరు భార్య, పేరు ఎమ్మా, నవలలు చదివి లేనిపోని ఆశలు పెంచుకుని, ఇద్దరు ప్రియులను నమ్మి చెడి, చివరికి విషం తిని చచ్చిపోయిందని, కనక ఇది 'పుస్తకాలు పాడుచేసిన ఇల్లాలి కథ' అని వ్యాసకర్త తేల్చేశారు. ఈ నవల నీతికి విరుద్ధమని 1857లో పారిస్‌లో కేసు నడిస్తే కోర్టు రచయితను విడిచిపెట్టింది. మీ పేజీలో ఆ ఇల్లాలికి మాత్రం శిక్ష పడిపోయింది.

నేను విజయనగరంలో దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ణి. ఫ్రెంచి రాదు. మా జిల్లాకి ఫ్రెంచి వాళ్లతో పాత పరిచయమంటే 1757లో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పడ్డప్పటిదే. నవల ఇంగ్లీషు అనువాదంలో చదివాను. చదువుతున్నంతసేపూ నా కన్ను కాగితాల మీదికే పోయింది. ఆ పుస్తకంలో ప్రేమ ఎంత ఉందో కాగితాలూ అంతే ఉన్నాయి, మీ వ్యాసంలో ఒక్కటీ లేదు.

డాక్టరు షార్ల్ తండ్రి 60 వేల ఫ్రాంకుల కట్నం చూసి పెళ్లి చేసుకున్నవాడు. కొడుక్కి మొదట కుదిర్చిన సంబంధం నలభై అయిదేళ్ల వితంతువు. ఆవిడకి ఏటా 1200 రాబడి ఉందన్నదే అర్హత. తీరా చూస్తే ఆవిడ డబ్బు దాచుకున్న నోటరీ మొత్తం ఊడ్చుకుని ఓడెక్కేశాడు, ఇల్లు చూస్తే తాకట్టులో ఉంది. తాకట్టు ఉందో లేదో చెప్పే ఈసీ తీయించకుండా కుదుర్చుకున్న సంబంధం అన్నమాట! అత్తమామలు వచ్చి నానా మాటలూ అన్నాక, వారం తిరిగేసరికి ఆవిడ రక్తం కక్కుకుని పోయింది. ఆ తర్వాతే ఎమ్మా. ఎమ్మా తండ్రి రైతు. తాపీమేస్త్రీకి బాకీ, జీనులు కుట్టేవాడికి బాకీ, 22 ఎకరాలు అమ్ముకోక తప్పని స్థితి. ఈ డాక్టరు కట్నం దగ్గర పెద్దగా పేచీ పెట్టేవాడిలా లేడు కదా, అడిగితే ఇచ్చేద్దాం అనుకున్నాడు. పిల్ల మనసులో ఏముందన్నది అప్పటికి లెక్కలో లేదు.

మా ఊళ్లోనే 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో డబ్బు ఎదురు దిక్కున నడుస్తుంది, మగపెళ్లివారు ఇవ్వాలి. కూతురిని అమ్మి వ్యాజ్యాలు నడిపే అగ్నిహోత్రావధాన్లు ఆ నార్మండీ రైతు పక్కన కూర్చుంటే ఇద్దరికీ భాష అక్కర్లేకుండానే మాట కలిసేది.

అసలు సంగతి జీపీఏ దగ్గరుంది, అంటే ఒకరి తరఫున వ్యవహారాలన్నీ నడిపే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం. ఎమ్మా మామగారు పోయాక ఆస్తి వ్యవహారాలు వచ్చాయి. లెర్రో అనే బట్టల వ్యాపారి ఇంటికొచ్చి, అయ్యగారికి ఈ చికాకులెందుకు, మీ పేర ఒక అధికార పత్రం ఉంటే సరిపోతుంది కదా అని మెల్లగా చెవిన వేశాడు. ఎమ్మా చిత్తు రాయించి మొగుడికి చూపించింది: వ్యవహారాలన్నీ చూడ్డానికి, అప్పులు తేవడానికి, నోట్ల మీద సంతకాలు పెట్టడానికి. నోటరీ మీద తనకి నమ్మకం లేదని కూడా తనే అంది. ఎవరినైనా అడిగితే బాగుండు, మనకి తెలిసినవాళ్లు ఎవరున్నారని నసిగింది. లెయోఁ ఉన్నాడు కదా అన్నది మొగుడే. నేను వెళ్లొస్తానని ఆవిడ పట్టుబడితే, ఎంత మంచిదానివని మెచ్చుకుని షార్ల్ ఆవిణ్ణి రూఆఁ పట్నానికి పంపాడు. మూడు రోజులు. లెయోఁ ఆవిడ ప్రియుడు. న్యాయ సలహా కోసం పెళ్లాన్ని స్వయంగా బండెక్కించిన మొగుణ్ణి నేను ఇంకే పుస్తకంలోనూ చూడలేదు.

ఆ పత్రం ఎందుకు కావాల్సి వచ్చిందో వ్యాసకర్త ఒక్క వాక్యం రాసి ఉండాల్సింది. నెపోలియన్ 1804లో తెచ్చిన సివిల్ కోడ్ ప్రకారం పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా ఆస్తి అమ్మకూడదు, ఒప్పందం చేసుకోకూడదు. భర్తకి లోబడి ఉండాలని చట్టంలోనే రాశారు. విడాకులా, 1816లో రద్దు చేశారు, మళ్లీ 1884లో గానీ రాలేదు. ఎమ్మా కడుపుతో ఉన్నప్పుడు మగపిల్లాడు పుట్టాలని కోరుకుంది, మగాడైతే స్వేచ్ఛగా ఉంటాడని. ఆడపిల్ల అని చెప్పగానే ముఖం తిప్పుకుని స్పృహ తప్పింది. ఇంత తెలివీ ఇంత ఆశా ఉన్న మనిషికి ఆ ఊళ్లో దొరికిన ఒకే ఒక్క అధికారం ఆ జీపీఏ. అదీ వ్యాపారి అందించినది.

ఆ తర్వాతి కథ మా ఆఫీసు ముందు కూర్చునేవాళ్లకి చెప్పనక్కర్లేదు. మా దగ్గర మూడేళ్లు దాటితే ప్రోనోటు చెల్లదు కనక గడువు ముందే వడ్డీ అసల్లో కలిపి నోటు తిరగరాయిస్తారు. రెండో నోటు మీద అంకె చూసి బాకీదారు తెల్లమొహం వేస్తాడు, మళ్లీ సంతకం పెడతాడు. లెర్రో చేసిందీ అదే. పాత నోట్లకి కొత్త నోట్లు, మధ్యలో మామగారి తాలూకు ఇల్లు కూడా అమ్మించాడు. చివరికి 8 వేల ఫ్రాంకులకి జప్తు నోటీసు. సాయం అడగడానికి నోటరీ దగ్గరికి వెళ్తే, అతను భోజనం చేస్తూనే కథంతా విని చెయ్యి పట్టుకున్నాడు. ప్రేమించానన్న మొదటి ప్రియుడు నా దగ్గర లేవన్నాడు. విషం ఆ తర్వాత తిన్నది. ఈ వరస మార్చి చెబితే కథ మారిపోతుందండీ.

మొన్న ఒకమ్మాయి, తన వాటా వదులుకునే హక్కు విడుదల పత్రానికి అన్నదమ్ములతో వచ్చింది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. "ఏటి బాబూ, ఎక్కడెట్టాలి సంతకం?" అని తప్ప ఆ పిల్ల ఇంకేం అడగలేదు. పత్రం చదివి వినిపిస్తానంటే అన్న "ఎందుకండీ, టైమవుతోంది" అన్నాడు. అయినా చదివాను. ఆమె విని, కాసేపు ఆగి, రేపు వస్తానని లేచిపోయింది. ఇంకా రాలేదు. ఆ అన్నకి నా మీద కోపంగా ఉందట, ఉండనీండి.

వచ్చే ఆదివారం స్టెందాల్ 1830లో రాసిన 'ఎరుపు, నలుపు' గురించి వేస్తామని ప్రకటించారు. రంపపు మిల్లువాడి కొడుకు జూలియన్, మేయరు భార్యతో ప్రేమ, అతని పైకెదగాలన్న తపన, ఇవన్నీ ఎలాగూ రాస్తారు. నెపోలియన్ పడిపోయాక సామాన్యుడి కొడుక్కి సైన్యంలో దారి మూసుకుపోయి చర్చి ఒక్కటే మిగిలిందని కూడా రాయండి. అన్నిటికంటే ముందు, కొడుకుని మేయరు ఇంట్లో పిల్లలకి పంతులుగా పంపేటప్పుడు తండ్రి ఆడిన బేరం వదిలెయ్యకండి. జీతం ఏడాదికి 400 దాకా లాగి, నెలనెలా ముందే ఇవ్వాలన్నాడు. మేయరు నెలకి 35 అంటే, తమలాంటి దొడ్డమనిషి 36 చెయ్యలేరా అని ఆ ఒక్క ఫ్రాంకు కూడా రాబట్టాడు. అదే తండ్రి, మరణశిక్ష పడ్డ కొడుకుని జైల్లో చూడ్డానికి వచ్చి తిట్లు లంకించుకుని, నేను కొంత డబ్బు దాచానని కొడుకు అనగానే మెత్తబడ్డాడు. స్థలం చాలకపోతే ప్రేమలేఖలు కొంచెం తగ్గించుకోండి.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
విజయనగరం